సంతకం పెట్టని కాగితం

జెనీవా
6 మార్చి 2017

ఐలీ పెద్దమ్మకి,

మిర్వా రాస్తున్నాను. అంత్యక్రియల రోజు నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. శ్మశానం గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని "కాఫీ తాగి వెళ్ళవే" అన్నావు. రైలుకి టైమైందని చెప్పి వచ్చేశాను. అబద్ధం. రైలు సాయంత్రానికి గాని లేదు. నాలుగు గంటలు స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాను. నీ ఇంట్లో రౌనో అన్నలూ అక్కలూ పదిమంది మధ్య కూర్చునే ధైర్యం లేకపోయింది, అంతే.

రౌనో మంచు విరిగి నీళ్ళలో పడిపోయాడంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. తాతయ్య వలలు, తాతయ్య గుడిసె, తాతయ్య పేరు, అన్నీ వాడివే. సముద్రం మీద మంచు ఎక్కడ గట్టో, ఎక్కడ పలచనో వాడికన్నా తెలిసినవాళ్ళు మన తీరంలో ఎవరున్నారు?

ఒక పని మీద కూడా రాస్తున్నాను, దాచి లాభం లేదు. మా ఆఫీసు ద్వారా రౌనో పెట్టిన ఫిర్యాదు ఇక్కడి మానవ హక్కుల కమిటీ ముందు మూడేళ్ళుగా ఉంది. సొంత దేశంలో కోర్టులన్నిటిలో ఓడిపోయినవాళ్ళనే ఇక్కడికి రానిస్తారు. వాడు అన్నిట్లోనూ ఓడిపోయే వచ్చాడు. అడిగింది ఒక్కటే, తన పౌర సంఖ్యలో ఒక అంకె మార్చమని. ఆడవాళ్ళకి సరి అంకె, మగవాళ్ళకి బేసి అంకె. మందుల షాపులోనైనా బ్యాంకులోనైనా ఆ సరి అంకె ఒకసారి, వాడి గడ్డం ఒకసారి చూసి, పక్కవాణ్ణి పిలిచి మరీ చూపించేవాళ్ళు. రౌనో గెలిస్తే వాడి వెనక వరసలో ఉన్నవాళ్ళ కాగితాలు కూడా కదులుతాయని ఎదురుచూస్తున్నాం.

ఫిర్యాదు చేసిన మనిషి చనిపోతే, వారసుల్లో ఎవరో ఒకరు "నేను కొనసాగిస్తాను" అని రాసివ్వాలి. లేకపోతే ఫైలు మూసేస్తారు. గడువు జూన్ ముప్పై. నీ మిగతా పదిమంది పిల్లలకీ రాశాను. ముగ్గురు కుదరదన్నారు, ఏడుగురు జవాబే ఇవ్వలేదు. ఇక నువ్వే ఉన్నావు.

రెండు వాక్యాలు టైపు చేసి పంపుతున్నాను. కింద సంతకం పెట్టి పోస్టులో వేస్తే చాలు.

నీ చెల్లెలి కూతురు,
మిర్వా


కలయోకి
2 ఏప్రిల్ 2017

శుభదినం మిర్వా,

రైలు సంగతి నాకు ఆ రోజే తెలుసు. మీ అమ్మ పోయాక ఆరేళ్ళు నా ఇంట్లో పెరిగినదానివి. అబద్ధం చెప్పేటప్పుడు నీ చెవులు ఎర్రబడతాయి. నీకోసం తీసిపెట్టిన సీమ మేడిపళ్ళ జాము మూడు రోజులు బల్ల మీదే ఉంది. చివరికి నేనే తిన్నాను.

ఫోను చెయ్యమాకు, సగం వినబడదు. ఉత్తరమే రాయి.

ఒడ్డున మంచు కరిగింది. సముద్రం లోపల ఇంకా తెల్లగానే ఉంది, నేను అటు చూడటం మానేశాను. గుడిసె అమ్మేద్దామని పెద్దాడు అంటున్నాడు. నా తర్వాత అమ్ముకోరా, నా ముందు ఆ మాట ఎత్తకు అన్నాను.

నీ కాగితం చదివాను. "నా కుమారుడు" అని రాశావు. పదకొండు మందిని కన్నదాన్ని, ఎవరెవరిని కన్నానో నాకు తెలియదా? ఆఖరి కాన్పు ఆడపిల్ల. బాప్తిస్మంలో లేయా అని పేరు పెట్టాం. పంతొమ్మిదేళ్ళు వచ్చాక జుట్టు కత్తిరించుకుని మా నాన్న పేరు పెట్టుకుంది. పెట్టుకుంటే పెట్టుకుంది, "అమ్మా, తాతయ్య పేరు పెట్టుకోనా" అని నన్ను ఒక్క మాట అడిగితే ఏం పోయేది? నాకు అన్నిటికన్నా అదే మంట.

అలాగని కూతుర్ని గాలికొదిలేశానని అనుకోకు. ఉప్పు నీళ్ళలో బతికే మనిషి, ఏం వండుకుంటుందో ఏమోనని ప్రతి శనివారం రై పిండి రొట్టెలు రెండు కాల్చి, ఒకటి గుడిసె తలుపు పిడికి తగిలించి వచ్చేదాన్ని. తలుపు కొట్టేదాన్ని కాదు. ఆదివారం ప్రార్థన నుంచి ఇంటికొచ్చేసరికి నా తలుపు పిడికి కాగితంలో చుట్టిన చేప ఉండేది. పధ్నాలుగేళ్ళు మా మధ్య నడిచింది అంతే. ఎదురుపడితే "శుభదినం" అనుకునేవాళ్ళం. "దేవుని శాంతి" అని విశ్వాసులకే అంటాం, విడిచి వెళ్ళినవాళ్ళకి అనం. లేని శాంతిని ఉందని చెప్పకూడదు గదా. నీకు కోపం వచ్చినా సరే, నీకూ అందుకే శుభదినం అని రాస్తున్నాను.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆపరేషన్ చేయించమని దేశం మీదే దావా వెయ్యడం ఏమిటే? దేవుడిచ్చిన ఒళ్ళు కోయించుకోవడానికి ఊరు కాని ఊళ్ళో పంచాయితీ పెట్టడం, దానికి తల్లి సంతకం! ఎవరు చదువుతారు అదంతా? పేపర్లో వేస్తారా? నేను ప్రార్థనాలయంలో రెండో వరసలో కూర్చునేదాన్ని.

సంతకం పెట్టను. కాగితం తిప్పి పంపుతున్నాను.

పెద్దమ్మ ఐలీ


జెనీవా
20 ఏప్రిల్ 2017

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. నువ్వు అనుకుంటున్నది తలకిందులుగా ఉంది. ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నావా?

రౌనో ఆపరేషన్ కావాలని దావా వెయ్యలేదు. వద్దని వేశాడు. మన దేశపు చట్టం ఏమంటుందో చెప్తాను, నిదానంగా చదువు. ఆ అంకె మార్చాలంటే, ఆ మనిషికి ఇక పిల్లలు పుట్టే అవకాశం లేదని డాక్టరు రాసిన కాగితం తెచ్చివ్వాలి. ఉంటే తీసేయించుకుని రావాలి. ఆ కాగితం వాడు ఇవ్వనన్నాడు. "నా ఒంట్లో ఏముందో, దానితో ఏం చేస్తానో నా ఇష్టం. నాకు పిల్లలు పుడతారో లేదో దేవుడికే తెలియదు, గుమాస్తాకేం తెలుసు" అన్నాడు. ఆరేళ్ళ గొడవ అంతా ఆ ఒక్క కాగితం గురించే.

పేపర్లో వెయ్యరు. కమిటీలో ఉండేది పద్దెనిమిది మంది, తలో దేశం వాళ్ళు. ఇలాంటి ఫిర్యాదులు తలుపులు వేసుకునే చదువుతారు. బయటివాళ్ళకి ప్రవేశం లేదు. వాళ్ళ నిర్ణయం వచ్చినప్పుడు కూడా పేరు ఉండదు, పొడి అక్షరాలు రెండు ఉంటాయి. నీ ప్రార్థనాలయంలో రెండో వరసకి వచ్చిన ముప్పేమీ లేదు.

"కుమారుడు" అన్న మాట కొట్టేసి "నా బిడ్డ" అని రాసుకో. కానీ పంపు. గడువు దగ్గరపడుతోంది. కాగితం మళ్ళీ పెడుతున్నాను.

మిర్వా


కలయోకి
9 మే 2017

శుభదినం మిర్వా,

నాకు ఎవ్వరూ చెప్పలేదు.

నీ ఉత్తరం తీసుకుని పెద్దాడి దగ్గరికి వెళ్ళాను. "ఇది నిజమేనట్రా?" అన్నాను. "అందరికీ తెలిసిందేగా అమ్మా" అన్నాడు, కారు కడుక్కుంటూ. వాడికి తొమ్మిది మంది పిల్లలు. ఈ ఊళ్ళో మన విశ్వాసుల ఇళ్ళలో ఒక్క ఆడది గర్భం మూయించుకోలేదు. మూయించుకోవడం పాపమని నాలుగు తరాలుగా మోకాళ్ళ మీద చెప్పుకుంటున్నాం. అదే పని చేసుకు రమ్మని చట్టం మన పిల్లని అడిగితే, అందరికీ తెలిసి కూడా ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. నాకు తెలిసి ఉంటే... తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

నీ కమిటీకి రాశాను. నీ రెండు వాక్యాలు కాదు, నా సొంతంగా మూడు పేజీలు రాసి, మన భాషలోనే నేరుగా పోస్టు చేశాను. తలుపులు వేసుకుని చదువుతారని చెప్పావుగా. ఏం రాశానని అడగొద్దు, అది వాళ్ళకీ నాకూ మధ్య. గుండె మీద బండ కొంచెం కదిలింది.

పోస్టు టైమైంది, ఇక ఆపుతాను.

ఐలీ


జెనీవా
17 మే 2017

పెద్దమ్మా! మా బంగారు పెద్దమ్మా!

నీ ఉత్తరం అందిందని కమిటీ కార్యాలయం నుంచి ఒక వాక్యం వచ్చింది. ఆఫీసులో ముగ్గురం ఎగిరి గంతేశాం. మా కింద అంతస్తులో బేకరీ ఉంది, అక్కడి నుంచి కేకు తెప్పించుకున్నాం. రౌనో ఉంటే "కేకు ఎందుకే, మా అమ్మ రొట్టె ముందు దిగదుడుపు" అనేవాడు. నిజంగానే అనేవాడు, తెలుసా? ఇక్కడికి వచ్చినప్పుడు సంచిలో నీ రొట్టె ఒకటి తెచ్చుకున్నాడు. రాయిలా అయిపోయింది. కాఫీలో ముంచుకు తిన్నాడు.

ఏం రాశావో అడగొద్దన్నావు కాబట్టి అడగను. అనువాదం చేయించడానికి వాళ్ళకి నెలలు పడుతుంది. ఈలోగా ఆరోగ్యం చూసుకో.

నీ మిర్వా


జెనీవా
11 జనవరి 2018

ఐలీ పెద్దమ్మకి,

ఎందుకు రాశావు అలా?

నిన్న ప్రభుత్వం జవాబు వచ్చింది. ఇరవై పేజీలు. పన్నెండో పేజీలో నువ్వున్నావు. నీ మాటలే తిరగరాసి నీకు పంపుతున్నాను, చూసుకో: "పెద్దలారా, లేయా విషయంలో తప్పంతా నాదే. డాక్టరు అడిగిన కాగితం ఇచ్చెయ్యమని దాన్ని ఒత్తిడి చేసింది నేనే. పాపం నాది, ప్రభుత్వానిది కాదు. క్షమించగలిగితే నన్ను క్షమించండి." దాని కింద వాళ్ళ వకీలు రాశాడు: ఒత్తిడి కుటుంబం నుంచే వచ్చిందని తల్లే ఒప్పుకుంది, పైగా ఫిర్యాదు కొనసాగించాలన్న కోరిక ఈ ఉత్తరంలో ఎక్కడా లేదు, కాబట్టి మూసెయ్యండి.

మూడు పేజీల్లో ఆ ఒక్క వాక్యం రాయలేదా పెద్దమ్మా? "కొనసాగిస్తాను" అన్న ఒక్క మాట! నేను టైపు చేసి రెండుసార్లు పంపిన మాట!

చెప్పకూడదనుకున్నాను, ఇక కడుపులో దాచుకోలేను. 2013 డిసెంబరులో నువ్వు రాసిన ఉత్తరం రౌనో నాకు చూపించాడు. "డాక్టరు అడిగిన కాగితం వాళ్ళ మొహాన కొట్టి ఈ గొడవ ఇంతటితో ముగించు, మమ్మల్ని పదిమందిలో తలెత్తుకోనివ్వు" అని రాశావు. చూపించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు ఇలా అన్నాడు: "మా అమ్మకి లోకంలో పిల్లలందరూ దేవుడిచ్చినవాళ్ళే మిర్వా, నాకు పుట్టేవాళ్ళు తప్ప." ఆ తర్వాత వారమే జెనీవా ఫిర్యాదు మీద సంతకం పెట్టాడు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. ఆ ఉత్తరం దుఃఖంలో తెలియక రాశాను, వెనక్కి తీసుకుంటున్నాను అని రాసివ్వు. రెండు నెలలు టైముంది.

మిర్వా


కలయోకి
4 ఫిబ్రవరి 2018

శుభదినం మిర్వా,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. రొట్టె మాడి బొగ్గయింది. పొగకి పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు.

ముందు నీకు ఒకటి చెప్పాలి. తలుపులు వేసుకుని చదువుతారని చెప్పింది నువ్వు. మనవాళ్ళలో ఒకరు తలుపు వేసి తప్పు ఒప్పుకుంటే, విన్నవాడు దాన్ని గడప దాటనివ్వడు. పెళ్ళానికి కూడా చెప్పడు. క్షమించిన తప్పు సముద్రం అడుక్కి పోయినట్టే, మళ్ళీ గాలం వేసి తియ్యకూడదు. అందుకే పద్దెనిమిది మంది పెద్దవాళ్ళు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, మంచిదే అనుకుని ఉన్నదంతా చెప్పేసుకున్నాను. నేను చెప్పిందాన్ని తీసుకెళ్ళి ఎదుటి పక్షానికి అప్పజెపుతారని ఎవరికి తెలుసు? ఇదేం పద్ధతి? ఆ మాట నువ్వు నాకు ముందే చెప్పాలా వద్దా?

రెండోది ఇంకా కష్టం. ఆ 2013 ఉత్తరం నేను రాసిందే. కానీ ఏ కాగితమో నాకు తెలియదే మిర్వా! ఆపరేషనుకి ముందు అడిగే ఏదో వైద్యుడి చీటీ, రక్తం పరీక్షో ఏదో అనుకున్నాను. "డాక్టరు కాగితం ఇవ్వనంటోందట, అందుకే కోర్టులకెక్కింది" అని ఎవరో అంటే విని, కోపంలో రాసి పడేశాను. కాగితమంటే కడుపు మూయించుకోవడమని నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు. వాడు నేను తెలిసే రాశాననుకున్నాడా? అలా అనుకుంటూనే మూడేళ్ళు నా రొట్టె తిన్నాడా? చేప తెచ్చి నా తలుపుకి కట్టాడా? తలుపు కొట్టి "ఏమిటమ్మా ఇలా రాశావు" అని నన్ను నాలుగు తిట్టి ఉంటే నా దేవుడికి దణ్ణం పెట్టేదాన్ని గదే.

నేనూ తలుపు కొట్టలేదు. ఎవర్ని అనను?

రాసింది వెనక్కి తీసుకోను. జరిగిన తప్పు జరగలేదని ఎలా రాయను? కానీ ఇంకొకటి రాశాను. ఈసారి దాచి కాదు, ఎవడికి పంపుకుంటావో పంపుకో, ప్రభుత్వానికి నువ్వే ముందు పంపు. నకలు ఇది:

"నా పేరు ఐలీ. వయసు డెబ్బై అయిదు. రౌనో నా ఆఖరి కొడుకు. వాడి ఫిర్యాదు నేను కొనసాగిస్తాను.

పదో కాన్పులో నా ప్రాణం మీదికి వచ్చింది. ఇంకొకరిని కంటే బతకవని డాక్టరు చెప్పాడు. గర్భం మూసే ఆపరేషనుకి కాగితం తెచ్చి నా మంచం మీద పెట్టి కలం చేతికిచ్చాడు. నేను సంతకం పెట్టలేదు. నన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు. నా పౌర సంఖ్య తియ్యలేదు. నన్ను ఆడది కాదనలేదు. నా ఇష్టానికి నన్ను వదిలేశారు. రెండేళ్ళకి రౌనో పుట్టాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే వాడు ఉండేవాడే కాదు.

అదే కాగితం వాడి ముందు పెట్టినప్పుడు వాడూ సంతకం పెట్టలేదు. నా కొడుకు అందుకే. నన్ను వదిలేసినట్టు వాణ్ణి వదలలేదు. నేను తెలియక తప్పు మాట రాశాను. ప్రభుత్వం తెలిసే రాసింది, చట్టంలో రాసింది. నా తప్పు నేను ఒప్పుకున్నాను. వాళ్ళ తప్పు వాళ్ళని ఒప్పుకోమనండి."

ఇందులో నీకు కావలసిన మాట మొదటి పేరాలోనే పెట్టాను, చూసుకో.

ఐలీ


జెనీవా
28 ఫిబ్రవరి 2018

పెద్దమ్మా,

నీ వాంగ్మూలం చదువుతుంటే అక్షరాలు కనపడలేదు. మా ఆఫీసులో పెద్దావిడకి అనువాదం చేసి వినిపించాను. ఈ పనిలో ముప్పై ఏళ్ళుగా ఉంది, దేనికీ చలించదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఒక విషయం నేను ఒప్పుకోవాలి. ఇక్కడికి వచ్చిన ప్రతి కాగితమూ అవతలి పక్షానికి వెళ్తుందని నాకు తెలుసు. ఎంత బాగా తెలుసంటే, అది ఇంకొకరికి చెప్పాల్సిన సంగతి అనిపించలేదు. నీ ఇంట్లో పెరిగినదాన్ని, తలుపులు వేసుకుని అంటే నీకు ఏమని వినబడుతుందో నాకు తెలియాలి. ఆ ఉత్తరంలో నీ మీద అరిచాను. అరవాల్సింది నా మీద.

కమిటీకి పంపాను. ఇక ఎదురుచూడటమే.

మిర్వా


కలయోకి
15 ఏప్రిల్ 2018

శుభదినం మిర్వా,

నిన్న ప్రార్థనాలయం పెద్దలు ముగ్గురు వచ్చారు. కాఫీ ఇచ్చాను, దాల్చినచెక్క బన్నులు పెట్టాను, తిన్నారు. తిన్నాక గొంతు సవరించుకుని, "కొడుకు అని రాశావట. ఆ మాట తప్పని ఒప్పుకుని క్షమాపణ అడిగితే ఇక్కడే క్షమిస్తాం" అన్నారు. వాళ్ళకి ఎలా తెలిసిందంటావా, నేనే పెద్దాడికి నకలు చదివి వినిపించాను. దాచేవి దాచి చూశాను గదా, ఏం ఒరిగింది?

వాళ్ళలో ఒకాయన నా పెద్ద కూతురి మామగారు. పధ్నాలుగు మంది సంతానం. "అయ్యా, మీ ఇంటావిడ గర్భం మూయించుకు వస్తేనే రేషను ఇస్తామంటే మీరేం చేసి ఉండేవారు?" అన్నాను. "అదీ ఇదీ ఒకటేనా" అన్నాడు. "కాగితం ఒకటే" అన్నాను. కప్పు కింద పెట్టి టోపీ తీసుకున్నాడు.

గుమ్మం దగ్గర "శుభదినం ఐలీ" అన్నారు ముగ్గురూ. డెబ్బై అయిదేళ్ళలో విశ్వాసులెవరూ నాకు అలా అనలేదు. రౌనోకి పధ్నాలుగేళ్ళు నేను ఏది వడ్డించానో అదే నాకు వడ్డించారు. ఎలా ఉంటుందో తెలిసింది.

నీ కబుర్లు రాయి. ఈ ఏడాది చేపలు తక్కువట.

ఐలీ


జెనీవా
22 నవంబరు 2019

పెద్దమ్మా,

నిర్ణయం వచ్చింది. ఎలా రాయాలో తెలియక రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను.

ఫైలు మూసేశారు. గడువులోగా అందిన మొదటి ఉత్తరంలో కొనసాగించాలన్న కోరిక లేదు, ఆ కోరిక ఉన్న రెండో ఉత్తరం గడువు దాటిన ఏడు నెలలకి అందింది అని రాశారు. రెండు పేజీలు. చట్టం సరైనదా కాదా అన్న ప్రశ్నలోకే వెళ్ళలేదు. నీ కాన్పు గురించి, ఆ మంచం మీద కాగితం గురించి ఒక్క ముక్క లేదు. చివరికి చదివారో లేదో కూడా నాకు తెలియదు.

నేను ఆ మొదటి ఉత్తరం నకలు అడిగి తెప్పించుకుని, గడువులోగా ఒకసారి చూసి ఉంటే సరిపోయేది. కేకు తిన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు అనుకుంటున్నాను. రౌనో తర్వాతి వాళ్ళు మళ్ళీ కింది కోర్టు నుంచి మొదలుపెట్టుకోవాలి, ఆరేడేళ్ళు.

ఈ ఉద్యోగం మానేస్తున్నాను. నిన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

మిర్వా


కలయోకి
8 ఏప్రిల్ 2023

దేవుని శాంతి, మిర్వా.

పొరపాటున రాయలేదు. తెలిసే రాశాను.

మూడేళ్ళుగా నీ నుంచి క్రిస్మస్ కార్డులు తప్ప ఏమీ లేవు. కార్డు మీద నీ పేరొక్కటే రాసి పంపుతున్నావు. నేనూ కదిలించలేదు. పంతం మన వంశంలో పాలతో పాటే పోస్తారు. కానీ ఈ వారం రేడియోలో విన్నాక ఉండబట్టలేదు. చట్టం మారిందట. ఇక ఆ డాక్టరు కాగితం అడగరట. నువ్వు వినే ఉంటావు. ఎవరెవరో మాట్లాడారు, మంత్రులూ వాళ్ళూ. మన రౌనో పేరు ఎవరూ ఎత్తలేదు. ఎందుకెత్తుతారు, వాళ్ళకి తెలిస్తే గదా. గుడిసెలో వల అల్లుకుంటూ ఒకడు వద్దన్నాడని ఎవరికి తెలుసు?

మర్నాడే బస్సెక్కి జనాభా కార్యాలయానికి వెళ్ళాను. ఎనభై ఏళ్ళ ముసలిదాన్ని చూసి అక్కడి పిల్ల కుర్చీ వేసింది. రౌనో సంఖ్య రాసిచ్చి, "ఈ సరి అంకె తీసేసి బేసి అంకె వెయ్యి తల్లీ, ఇప్పుడు కాగితం అక్కర్లేదటగా" అన్నాను. ఆ పిల్ల కంప్యూటర్లో చూసింది. చాలాసేపు చూసింది. "చనిపోయినవాళ్ళ అంకె మార్చడానికి వీల్లేదమ్మా, దరఖాస్తు ఎవరికి వారే పెట్టుకోవాలి" అంది. "వాడు పెట్టాడమ్మా, పన్నెండేళ్ళ కిందట పెట్టాడు" అన్నాను. పాపం, ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. దానితో ఏం పోట్లాడను? సంచి తీసుకుని లేచాను.

అంకె మారాక చెక్కిద్దామని సమాధి మీద రాయి పెట్టించలేదు. ఆరేళ్ళు చెక్క శిలువే ఉంది, దాని మీద ఇంటిపేరు ఒక్కటే. కార్యాలయం నుంచి నేరుగా రాళ్ళు చెక్కేవాడి దగ్గరికి వెళ్ళాను. వాడు అంకెలేమీ అడగలేదు. పేరు అడిగాడు. రౌనో అని చెప్పాను. కింద ఇంకేమైనా రాయాలా అంటే, "ఐలీ కొడుకు" అని రాయమన్నాను. రెండు రోజుల్లో చెక్కిచ్చాడు. పెద్దాడు రాలేదు. నీకు చెప్పలేదు గానీ, పెద్దాడి ఆఖరి పిల్ల ఇప్పుడు శనివారాలు నా దగ్గరికి వచ్చి రొట్టె కాల్చడం నేర్చుకుంటోంది. దానికి పదిహేడు. అదే వచ్చి రాయి పట్టుకుని సాయం చేసింది.

తప్పు నీది అంటావు, నాది అంటాను. ఇద్దరమూ రెండు వాక్యాలు సరిగ్గా రాసుకోలేని మనుషులం. క్షమాపణ అడిగే మొహం లేదని రాశావు. అడక్కపోయినా ఇస్తున్నాను, తీసుకో. నాకు కావలసింది ఇవ్వాల్సినవాడు లేడు.

రాయి నిలబెట్టాక పిల్లని బస్సు స్టాపుకి పంపేసి ఒక్కదాన్నే ఉన్నాను. మంచు ఇంకా మోకాలి దాకా ఉంది. గట్టిగానే అన్నాను, పక్క సమాధి దగ్గర ఎవరో ఉన్నా లెక్కచెయ్యలేదు. "దేవుని శాంతి, రౌనో" అన్నాను. మనవాళ్ళలో ఆ మాట అంటే ఎదుటివాళ్ళు తిరిగి అదే మాట అనాలి. అలవాటు కదా, కాసేపు నిలబడ్డాను. తర్వాత బస్సు టైమైందని వచ్చేశాను.

ఈసారి వస్తే రైలు సాయంత్రానికే అని గుర్తుంచుకో.

పెద్దమ్మ ఐలీ